కుళాయిలకు గౌన్లు కుట్టిన అత్త

ముందుగా నా వెధవపని ఒప్పేసుకుంటాను. నేను ఒప్పుకోకపోతే మా అత్త ఎలాగూ ఒప్పిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె పట్టుకుని కరెంటు కొట్టినట్టు నటించాను. పళ్ళు బిగించాను, కళ్ళు తేలేశాను, కాళ్ళు కోడికాళ్ళలా టపటపలాడించాను. నురగ కోసం ముందే నోట్లో టూత్‌పేస్టు పెట్టుకున్నాను. పని చేస్తే పద్ధతిగా చెయ్యాలని నా నమ్మకం. ప్లగ్గు మాత్రం గోడకి పెట్టలేదు, అది కింద వేలాడుతోంది.

అత్త ప్లగ్గు వైపు చూడలేదు. అరవలేదు, ఏడవలేదు, నన్ను ముట్టుకోలేదు. గోడకి ఆనించి ఉన్న ఇస్త్రీ చెక్కని రెండు చేతులా ఎత్తి నా కుడి మణికట్టు మీద ఒక్కటేసింది. చెక్కకి ఏమీ కాలేదు. మణికట్టు విరిగింది.

నేను కెవ్వుమన్నాను. నోట్లోంచి పేస్టు ఊడిపడింది. అత్త ఆ తెల్లటి ముద్దని చూసింది, వేలాడే ప్లగ్గుని చూసింది, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. ఒక్క తిట్టు తిట్టలేదు. మా అత్త తిట్టకపోయేసరికి నాకు అప్పుడు భయమేసింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు: "ఎలా విరిగింది బాబూ?"

"కరెంటు కొట్టిందండీ."

"కరెంటు కొడితే ఎముక విరుగుతుందా?"

"అత్త పక్కనుంటే విరుగుతుందండీ," అన్నాను. డాక్టరు నవ్వాడు. అత్త నవ్వలేదు.

ఆమె మా నాన్నకి అక్క. బడికీ నాకూ పడక, ఇంట్లో రేడియోలు విప్పి, మళ్ళీ బిగించాక నాలుగు మరలు మిగిల్చే స్థాయికి నేను ఎదిగాక, "నీ దగ్గర ఉంచుకుని ఏదైనా పని నేర్పక్కా" అని నాన్న నన్ను ఆమె దగ్గర దిగబెట్టాడు. ఆమెకి పిల్లలు లేరు, మావయ్య పోయి చాలా ఏళ్ళైంది. ముందుగదిలో కాలితో తొక్కే కుట్టుమిషను, కిటికీ పక్కన కత్తిరించే బల్ల, బల్ల మీద నా మోచేయంత పొడుగు కత్తెర. స్కూలు యూనిఫాంలు, దిండు గలీబులు, పొడుగు ప్యాంట్లు పొట్టి చెయ్యడం, ఇదీ వ్యాపారం. ఆస్తిపాస్తులు అడిగితే కుడిచెయ్యి చూపించేది. గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి, "ఇది ఉతికితే రెండంగుళాలు ముడుచుకుంటుంది, వదులుగా కుట్టాలి" అనేది. కళ్ళు మూసుకుని చెప్పినా తప్పేది కాదు.

కానీ చుట్టుపక్కల ఆమెకి పేరొచ్చింది కుట్టుకి కాదు. ఆమె ఏ వస్తువునీ ముందు అరచేత్తో ముట్టుకోదు. ఫ్రిజ్జు తలుపు, ఫ్యాను రెగ్యులేటరు, ఇనుప గేటు, బస్సులో రాడ్డు, అన్నిటినీ ముందు చేతి వెనకవైపుతో ఓసారి తాకుతుంది. ఏమీ కాకపోతే అప్పుడు పట్టుకుంటుంది. పక్కింటి కుక్కని అలాగే తాకింది. నేను బయటి నుంచి రాగానే నా చెంపని అలాగే తాకేది. నేనొకసారి "అత్తా, నాలో కరెంటు లేదు, బ్యాటరీ ఉంది" అంటే, "అదీ డౌనే" అంది. ఆ బిల్డింగులో అందరూ ఆమెని టెస్టరత్త అనేవాళ్ళు.

ఆ అలవాటు ఎక్కడిదో నాకు ఆసుపత్రి బెంచీ మీద తెలిసింది. నా చేతికి కట్టు ఆరుతుండగా అత్త తనంతట తనే మొదలుపెట్టింది.

మావయ్య షాపులకి బోర్డులు రాసేవాడు. ఒక పొద్దున స్నానానికి బకెట్లో హీటరు కడ్డీ పెట్టాడు. నీళ్ళు కాగాయో లేదో అని వేలు పెట్టి చూశాడు. ప్లగ్గు తీశాకే వేలు పెట్టాలని ఆయనకి తెలుసు. ఆ రోజు బోర్డు అందించాలన్న తొందరలో మరిచిపోయాడు.

"నేనెళ్ళి భుజం పట్టుకున్నా," అంది అత్త. "గోడకి విసిరి కొట్టింది. లేచెళ్ళి మళ్ళీ పట్టుకున్నా. రెండోసారీ పట్టుకున్నా చూడు, అదీ నా తెలివి. తలుపు పక్కనే చెక్క స్టూలుందిరా. దాంతో ఒక్క తోపు తోసుంటే సరిపోయేది. స్టూలుని చూస్తూనే ఉన్నా."

తర్వాత వచ్చిన లైనుమ్యాను ఆమెకి రెండు మాటలు చెప్పి వెళ్ళాడట. అరచేత్తో పట్టుకుంటే చెయ్యి దానంతటదే మూసుకుపోతుంది, ఇంక వదలదు. చేతి వెనకవైపు తగిలితే విదిలించుకుని వస్తుంది. ఇంకో మాట: అతుక్కున్న మనిషిని చేత్తో ముట్టుకోకు, ఎండిన చెక్కతో కొట్టు.

"అందుకే ఇస్త్రీ చెక్క గోడకే ఉంటుంది, బీరువా వెనక పెట్టను," అంది. తర్వాత, "పేస్టు ఏ కంపెనీదిరా?" అని అడిగింది.

నా చెయ్యి కట్టులో ఉండగానే కుళాయిలు కరెంటుతో కుట్టడం మొదలుపెట్టాయి.

మేముండేది పాత బిల్డింగు, గోడల్లో ఇనుప పైపులు. తుప్పు నీళ్ళొస్తున్నాయని అందరూ గోల పెడితే ఓనరు వీధిలోంచి లోపలికొచ్చే కింది పైపు మార్పించి ప్లాస్టిక్‌ది వేయించాడు. నీళ్ళు తెల్లగా వచ్చాయి. ఓనరు ఎన్నడూ లేనిది ఒక మంచిపని చేశాడని అందరం మెచ్చుకున్నాం. ఆ వారంలోనే కుళాయి ముట్టుకుంటే చీమ కుట్టినట్టు అనిపించడం మొదలైంది. కొన్నాళ్ళకి చీమ తేలైంది. అన్నిసార్లూ కాదు. ఒకసారి కుడుతుంది, పదిసార్లు కుట్టదు, సరే పోయిందిలే అనుకున్నప్పుడు మళ్ళీ కుడుతుంది, అదీ ఎక్కువగా పొద్దునపూటే.

మెట్ల దగ్గర పంచాయితీ పెట్టారు. మా పై వాటాలో ఉండే డ్రైవింగు మాస్టారు, కార్లు నేర్పే ఆయన, ముందే చేతులెత్తేశాడు.

"మా ఇంట్లో వస్తువులన్నీ కొత్తవండీ. మీ మిషనొకసారి చూసుకోండి."

"నా మిషను కాలితో తొక్కేది మాస్టారూ," అంది అత్త. "దానికి కరెంటు ఎక్కణ్ణుంచొస్తుంది, నా మోకాట్లోంచా?"

మాది కాదంటే మాది కాదని ప్రతి వాటా వాళ్ళూ అన్నారు. ఓనరు తీర్పు చెప్పాడు: "పాత బిల్డింగమ్మా, కాస్త చిమచిమలాడుతుంది. చెప్పులేసుకుని స్నానం చెయ్యండి."

ఇది జోకనుకున్నాను. మర్నాటి నుంచి నిజంగానే అందరూ రబ్బరు చెప్పులేసుకుని స్నానం చేశారు. ప్రపంచమంతా స్నానాలగది బయట చెప్పులు విప్పుతుంది, మా బిల్డింగు లోపలికెళ్ళి తొడుక్కుంటుంది.

అత్త ఊరుకోలేదు. కరెంటాయన్ని పిలవమని ఓనరుని రోజూ పోరింది. ఓనరు నన్ను చూపించాడు. "మీ మేనల్లుడు రేడియోలు విప్పుతాడుగా, వాణ్ణి చూడమనండి." పొగిడాడనుకుని పొంగిపోయాను. మధ్యాహ్నం తీరిగ్గా భోంచేసి, ఎడమచేత్తో టెస్టరు పట్టుకుని ప్రతి వాటాలో కుళాయికీ ఆనించాను. ఎక్కడా దాంట్లో బుడ్డి దీపం వెలగలేదు. "కుళాయిలు అమాయకులు. ఇదంతా చెమ్మ" అని ప్రకటించాను. ఓనరుకి కావలసింది అదే.

"పొద్దున కుట్టేదాన్ని మధ్యాహ్నం పరీక్ష చేశావా?" అంది అత్త. "దొంగ పోయాక కుక్కని వదిలినట్టుంది."

"రేపు పొద్దున చూస్తాలే అత్తా," అన్నాను. ఆ రేపు పొద్దున నేను నిద్రపోయాను. ఆ తర్వాతి రేపు కూడా.

ఇలా ఉండగా డ్రైవింగు మాస్టారి భార్య నిండు బకెట్టు కాలి మీద వేసుకుంది. కుళాయి కుట్టి చెయ్యి వదిలేసిందట. వాచిన బొటనవేలితో కిందికొచ్చి ఏడ్చింది. అత్త ఒక చారల గలీబు ముక్క తీసి, సైకిలు షాపతన్ని అడిగి తెచ్చిన పాత ట్యూబు ముక్కని లోపల అస్తరుగా వేసి, కుళాయి పిడికి తొడిగేలా ఒక సంచి కుట్టింది. కింద నాడా, బిగించుకోవడానికి. అది తొడిగాక కుళాయి కుట్టలేదు.

వారం తిరిగేసరికి బిల్డింగంతా అదే. ప్రతి కుళాయికీ ఒక గౌను. యూనిఫాం గళ్ళ గౌను, చారల గౌను, పువ్వుల గౌను. నేను ఒక్కో కుళాయికి ఒక్కో పేరు పెట్టి పెళ్ళిచూపులు ఏర్పాటు చేశాను. అత్త ప్రతి గౌనూ ఇస్తూ ఒకటే మాట అనేది: "ఇది కరెంటాయన వచ్చేదాకానే. బాగుచేయించకపోతే మాత్రం..." వాళ్ళు బుద్ధిగా తలూపేవాళ్ళు. ఎవరూ కరెంటాయన్ని పిలవలేదు. ఓనరైతే నవ్వుతూ, "నువ్వుండగా కరెంటాయనెందుకమ్మా!" అన్నాడు.

గౌను తొడిగిన కుళాయిని ఎవరూ భయంభయంగా వేలితో తాకరు. పిడికిలి బిగించి పట్టుకుని తిప్పుతారు. అత్త కూడా అంతే. ఇన్నేళ్ళూ బస్సు రాడ్డుని, కుక్కని, నన్ను కూడా చేతి వెనకవైపుతో పరీక్ష చేసిన మనిషి, తను కుట్టిన గౌనుని మాత్రం పరీక్ష చెయ్యలేదు. తన కుట్టు మీద ఆమెకి అంత నమ్మకం.

ఇంకొకటి. అందరి గౌన్లకీ అస్తరు వేసి వేసి, మా కుళాయి వంతు వచ్చేసరికి ట్యూబు అయిపోయింది. మందపాటి ప్యాంటు గుడ్డ రెండు మడతలు వేసి కుట్టేసింది. "మనకేం, మనింట్లో ఉన్నది ఇద్దరమే" అంది. టైలరు చొక్కాకే గుండీలుండవు.

ఆ పొద్దున నేను ఇంకా పక్క మీదే ఉన్నాను. వెనక వసారాలో బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. తర్వాత చప్పుడు మారింది. బకెట్టు నిండి పొర్లుతోంది. లేచి గుమ్మం దాకా వెళ్ళాను.

అత్త కుళాయి పట్టుకుని నిలబడి ఉంది. గౌను తడిసి ముద్దయి ఉంది. కాళ్ళ కింద నీళ్ళు, చెప్పులు పక్కన. పళ్ళు బిగుసుకున్నాయి, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, ఒళ్ళంతా సన్నగా అదురుతోంది. నోట్లోంచి ఒక మూలుగు.

నేను నవ్వాను.

నాకు బదులు తీరుస్తోందనుకున్నాను. ఇన్నాళ్ళూ తిట్టకుండా దాచుకుని ఇప్పుడు వడ్డీతో ఇస్తోందనుకున్నాను. గుమ్మానికి ఆనుకుని, "ఆహా, బ్రహ్మాండం అత్తా! నురగేదీ? నురగ మర్చిపోయావు!" అన్నాను. ఇంకా ఏదో అన్నాను, గుర్తులేదు. చప్పట్లు కొడదామంటే చేతికి కట్టు.

నీళ్ళు పొర్లి గడప దాటి నా కాళ్ళ దాకా వస్తున్నాయి. అత్త చుక్క నీళ్ళు వృథా పోనివ్వదు, నా మొహం కడిగిన నీళ్ళు కూడా లెక్కపెట్టే రకం. ఆ నీళ్ళు చూశాక నాకు ఆమె కళ్ళు కనబడ్డాయి. అవి నన్ను చూడటం లేదు.

ఇస్త్రీ చెక్క గోడకే ఉంది, ఉండాల్సిన చోటే. కానీ దాన్ని ఎత్తాల్సిన కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో ఎత్తి, కట్టు కిందనుంచి ఊతమిచ్చి కొట్టాను. చెక్క ఆమె భుజం మీద జారిపోయింది. మళ్ళీ కొట్టాను, అదీ సరిగా తగల్లేదు. చివరికి నా ఒళ్ళంతా చెక్క మీద వేసి ఆమె మోచేతి దగ్గర తోశాను. ఊడొచ్చింది. బకెట్టు మీదుగా పడిపోయింది. ఊపిరి ఆడుతోంది. కుడి అరచెయ్యి మాత్రం ఇంకా ఏదో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది.

అదే ఆసుపత్రి, అదే బెంచీ, అదే డాక్టరు. "ఈసారేం జరిగింది?" అన్నాడు.

"కరెంటు కొట్టిందండీ."

ఈసారి డాక్టరు కూడా నవ్వలేదు.

ప్రాణం దక్కింది. అరచేతిలో కాలింది, అది మానుతుందన్నారు. బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారిపోయాయి. వాటి సంగతి అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. డాక్టర్లు చూద్దాం అన్నారంటే చూడటానికి ఏమీ లేదని అత్తకి తెలుసు. దారి పొడుగునా చీర కొంగుని ఆ రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతూ వచ్చింది, గుడ్డ రకం చూసినట్టు. నలిపింది, మళ్ళీ నలిపింది. ఇంటికొచ్చాక కొంగు వదిలేసింది.

తర్వాత చేసిన మొదటి పని, కత్తెర ఎడమచేత్తో తియ్యడం. కుడిచేతి కత్తెర ఎడమచేతిలో గుడ్డని నమలడమే గానీ కొయ్యదు. దాని ఒక్క అంచునే కత్తిలా పట్టుకుని మెట్లెక్కింది. నేను వెనకే. ప్రతి వాటాకీ వెళ్ళి, తను కుట్టిన గౌన్లన్నీ నాడాలు తెంపి ఊడదీసింది.

డ్రైవింగు మాస్టారి భార్య కంగారు పడిపోయింది. "అయ్యో పిన్నిగారూ, తీసేస్తే ఎలా, కరుస్తుందిగా!"

"కరవనీ అమ్మా. కరిస్తేనే కుక్క ఉందని గుర్తుంటుంది. దానికి గౌను తొడిగి నేనే మీ అందరికీ మరిపించాను."

సాయంత్రానికి ఒక్కరికి కూడా కుళాయి తిప్పే ధైర్యం లేకపోయింది. మొన్నటిదాకా తలూపిన వాళ్ళందరూ ఓనరు ఇంటి ముందు నిలబడ్డారు. మర్నాడు పొద్దున్నే కరెంటాయన వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఇక్కడ కాలింది ఒకరి చెయ్యి, ఆకులు పట్టుకున్నది బిల్డింగంతా.

కరెంటాయన ఒక్కో ఇంట్లో ఒక్కో స్విచ్చి వేయించి, ఆపించి చూశాడు. డ్రైవింగు మాస్టారు స్నానానికి గీజరు వెయ్యగానే మా కుళాయి దగ్గర టెస్టరు వెలిగింది. ఆపగానే ఆరింది. మాస్టారు స్నానం పొద్దునపూటే. నేను పరీక్ష చేసింది మధ్యాహ్నం.

"గీజరు లీకవుతోంది," అన్నాడు కరెంటాయన. "అదొక్కటే అయితే ఇంత జరగదు. ఈ బిల్డింగుకి ఎర్తు తీగ ఎప్పుడో ఈ ఇనుప పైపుకి కట్టారు. ఎక్కడ లీకైనా పైపులోంచి భూమిలోకి దిగిపోయేది. మీరు కింద ప్లాస్టిక్ పైపు పెట్టించారు. దానికి భూమిలోకి దారి లేదు. ఇంక ఎటు పోతుంది? ఏ కుళాయి ఎవరు పట్టుకుంటే వాళ్ళలోంచి పోతుంది."

"నేను మెయిను ఆపుంటే?" అని అడిగాను. ఆ ప్రశ్న నన్ను రోజులుగా తింటోంది.

"మీ మెయిను ఆపినా లాభం లేదు తమ్ముడూ. ఆ కరెంటు మీ ఇంటిది కాదు."

అత్త చేతి వెనకవైపుతో తాకి చూసే సంగతి కూడా ఆయనకి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అదీ నమ్మొద్దమ్మా. కుట్టిందంటే ఆపించడమే, పిలవడమే. చేత్తో చూసేది కాదు ఇది."

భూమిలోకి వేరే కడ్డీ దింపి, తీగ లాగి, లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి పెట్టారు. మాస్టారు గీజరు మార్చాడు. అత్తని చూడటానికి వచ్చినప్పుడు మొహం నేలకేసి చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు చంకలోంచి ఒక ప్యాంటు తీసి బల్ల మీద పెట్టాడు. "తొందరేం లేదండీ, చెయ్యి బాగయ్యాకే... ఒక రెండు వేళ్ళు పొట్టి చేస్తే చాలు."

"రెండు వేళ్ళేగా," అంది అత్త. "నాకూ పోయింది అంతే."

నా కట్టు విప్పేశారు. మణికట్టు అతుక్కుంది, వానొస్తే కాస్త సలుపుతుంది, అంతే. అత్త వేళ్ళు అలాగే ఉన్నాయి. ఒకరోజు యూనిఫాం కుడుతూ సూది కింద వేలు పెట్టేసింది. గోరులోంచి సూది దిగింది. ఆమెకి తెలియలేదు, కుడుతూనే ఉంది. తెల్ల చొక్కా మీద ఎర్ర మచ్చ కనబడ్డాక తొక్కడం ఆపింది. వేలు చూసుకుని, చొక్కా చూసుకుని, "చొక్కా పాడైంది" అంది. ఆ చొక్కా వాళ్ళు మళ్ళీ రాలేదు. వాళ్ళని చూసి ఇంకొందరు రాలేదు.

ఇప్పుడు పని ఇలా నడుస్తోంది. ఆమె కాళ్ళతో తొక్కుతుంది, ఎడమచేత్తో గుడ్డ జరుపుతుంది. దారం ఎక్కించడం, గీత మీద కత్తిరించడం నా వంతు. నేను కత్తిరించినది పైకెత్తి, "ఇది వేసుకునేవాడికి ఒక కాలు పొట్టా?" అంటుంది. గుడ్డ రకం మాత్రం ఇంక చెప్పదు. ఎవరైనా అలవాటు కొద్దీ అడిగితే, నా వైపు తోస్తుంది. నేను నలిపి చూస్తాను. నాకేమీ తెలియదు.

నిన్న పొద్దున దారం ఎక్కిస్తూ, ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగేశాను.

"అత్తా, ఆ రోజు నేను నవ్వడం... నీకు వినబడిందా?"

ఆమె తొక్కడం ఆపలేదు.

"వినబడకేం. నురగేదీ అన్నావు, అదీ వినబడింది. నేను పోతుంటే ఇంత పండగ చేసుకునే వెధవకి నా మిషను అప్పగించి పోవడమా అనిపించింది. అందుకే ఆగాను. దారం ఎక్కించు."